చామగడ్డ ఇప్పించిన కొలువు

నా నోట్లోంచి ఒక మాట బయటకు రావాలంటే ముందు నాలుగు దిక్కులూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని గానీ వచ్చేది కాదు ఆ రోజుల్లో. డైరీలో మాత్రం పేజీలకు పేజీలు దంచేదాన్ని. డిగ్రీ అయ్యాక వికారాబాద్‌లో ఒక బడిలో, పరిగిలో ఇంకో బడిలో డెమో క్లాసు చెప్పి వచ్చాను. (నా గొంతు మొదటి బెంచీ దాటలేదని రెండుచోట్లా ఒకటే తీర్పు.) మూడోది తాండూరులో. "గీసారి గూడ నోరు తెరువకపోతే నీకు బర్లే దిక్కు బిడ్డా. వాటికి పాఠం చెప్పే పని లేదు" అంది అమ్మ.

తాండూరు పోవాల్సిన పొద్దున అమ్మ నా ముందు కిలో చామగడ్డలు కుమ్మరించింది. ముసలాయన మోకాళ్లలా గరుకుగా, వెంట్రుకలతో, చూడగానే ఏ గౌరవమూ కలగని గడ్డలు. "కడుగకు. చేతులకు నూనె రాసుకొని పొట్టు తియ్యి, లేకుంటే దురద పెడ్తది" అని చెప్పి పాలు పోయడానికి వెళ్లింది. నేనేమో బియ్యం డబ్బాకు లైబ్రరీ పుస్తకం ఆనించుకుని చదువుతున్నాను. నూనె చేత్తో పేజీ తిప్పితే మరక! అందుకని నూనె మానేశాను. మట్టి కూడా అంటకూడదని గడ్డల్ని శుభ్రంగా కడిగాను. (చదువుకున్న పిల్లను కదా.)

రైలు తాండూరు చేరేసరికి వేళ్ల సందుల్లో చీమల జాతర. ఆరో తరగతి, రుతుపవనాల పాఠం, వెనక బెంచీలో పెద్ద మేడం. చేతులు కట్టుకుని గోడతో మాట్లాడేసి వద్దామని నా పథకం. ఆ చేతులు కట్టుకునే స్థితిలో ఉంటేనా! "నైరుతి నుంచి గాలి!" అంటూ రెండూ విసిరాను. దురద పెరిగిన కొద్దీ గొంతూ పెరిగింది. మేఘాలు కొండను రాసుకుంటాయంటూ అరచేతుల్ని బల్ల అంచుకు బరబరా రాశాను. పిల్లలూ వాళ్ల బెంచీలకు రాశారు. "టీచర్, వాన పడ్తదా మరి?" అని ఒకడు అరిస్తే, "పడ్తది! మస్తు పడ్తది!" అని నేనూ అరిచాను. (డైరీ భాష ఏమైపోయిందో.)

గంట కొట్టగానే మేడం లేచి, "సిగ్గరి పిల్ల అన్నరు గద, గింత హుషారా! రేపటి సంది రా బిడ్డా" అంది. వరండాలో బడి ఊడ్చే ఆయమ్మ నా ఎర్రటి చేతులు చూసి ఆపింది. "చామగడ్డలేనా? కడిగి తీసినవా?" తల ఊపాను. "సదువుకున్నోళ్లకు గింత తెల్వదు" అని గొణుగుతూ చింతపండు తెచ్చి రుద్దింది. మేడంకు చెప్పొద్దని బతిమాలాను. "నేనెందుకు చెప్త? చెప్తే రేపటి సంది టీచర్లందరితోని చామగడ్డలు తీపిస్తది."

ఆ పుస్తకం మరక లేకుండా తిరిగిచ్చాను. ఇప్పుడు గడ్డలు ఉడికాకే పొట్టు తీస్తాను. గొంతు ఆఖరి బెంచీ దాకా దానంతటదే పోతోంది. అయినా బడికి తనిఖీ ఉందంటే, ఆ పొద్దున గంపలోంచి పచ్చి గడ్డ ఒకటి తీసి, కాసేపు ఊరికే చేతిలో పట్టుకుని, మళ్లీ పెట్టేస్తాను. ఇప్పుడెవరి ముందైనా మాట్లాడగలను గానీ, ఆ వెంట్రుకల గడ్డ ముందు మాత్రం నాకింకా కొంచెం సిగ్గే.