గట్టు బయట పడ్డ పేటలు

అరవైల చివరి రోజులు. నేను కాశీబుగ్గ నుంచి టెక్కలికి రోజూ తిరిగేవాణ్ణి. పొద్దున్నే పలాసలో పాసింజరు ఎక్కి నౌపడలో దిగాలి. అక్కడ నారోగేజి చిన్నబండి అందితే సరే, లేకపోతే బస్సు. ఆఫీసుకి చేరేసరికే చొక్కా వీపుకి అతుక్కుపోయేది. కుర్చీలో కూర్చోగానే ఇంటికెళ్ళే బండి గుర్తొచ్చేది.

మా ఆఫీసు పంటల లెక్కలు చూసే ఆఫీసు. చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగే గ్రామసేవకులు నెలనెలా కాగితాలు పంపేవారు. ఏ ఊళ్ళో ఎన్ని కొబ్బరి మొక్కలు నాటారు, జీడి ఎంత వేశారు, వరి ఎంత ఊడ్చారు, ఇవీ అందులో ఉండేవి. వాటన్నిటినీ ఒక పెద్ద షీటు మీదికి ఎక్కించడం నా పని. పంట పంటకీ విడిగా, అడ్డంగా ఊళ్ళు, నిలువుగా నెలలు. కాగితాలకి కాగితాలు మైదా జిగురుతో అతికించుకుంటూ పోతే ఆ షీటు బల్ల దాటి కిందికి వేలాడేది.

అక్కడితో అయిపోతే బాగుండేది. మా ఆఫీసరు గారికి చార్టులంటే ప్రాణం. ఆయన గదిలో నాలుగు గోడలూ గ్రాఫు కాగితాలే. షీటులో ఒక్క అంకె మారినా చార్టు మళ్ళీ గియ్యాలి. "కొబ్బరీ జీడీ విడివిడిగా చూపించవయ్యా" అనేవారు. గీసి పట్టుకెళ్తే, "కలిపి ఉంటేనే బాగుంది, కలిపెయ్" అనేవారు. చెరిపిన చోట కాగితం పలచబడి చిరిగేది. మళ్ళీ కొత్త కాగితం, మళ్ళీ మొదటి చుక్క నుంచి. సాయంత్రానికి కళ్ళు మూసుకున్నా ఆ సన్నటి పచ్చ గళ్ళే కనిపించేవి.

ఆ ఏడాది నా భార్య తొలిచూలు. పురిటికి పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళది పూండి అవతల, సముద్రం వైపు ఇసకలో ఉన్న చిన్న ఊరు. నెలలు నిండుతున్నాయని కబురొచ్చింది. సెలవు అడిగాను.

"నువ్వు పోతే చార్టులు ఎవరు గీస్తారు?" అన్నారు ఆఫీసరు గారు.

"ఎవరికైనా నేర్పి వెళ్తానండి."

"నేర్పి చూపించు. అప్పుడు సంతకం పెడతా."

ఆఫీసులో ఖాళీగా ఉండే మనిషంటూ ఎవరూ లేరు. ఉన్నవాళ్ళలో మా టైపిస్టు గారే నయమనిపించింది. ఆవిడది ఇచ్ఛాపురం. ఇంట్లో ఒరియా, ఆఫీసులో తెలుగు. మాట తక్కువ. అడగ్గానే, "నాకు గ్రాఫులు రావండీ. స్కూల్లో కూడా తప్పాను" అంది. నాకు నీరసమొచ్చింది. మళ్ళీ ఆవిడే, "ఏం చెయ్యాలో వరసగా రాసిచ్చేస్తే అలాగే చేసుకుపోతాను. టైపు కొట్టినట్టే కదా" అంది.

ఆ మాట పట్టుకుని ఆలోచించాను. గీసేటప్పుడు నా చెయ్యి చేసే పని ప్రతి చార్టుకీ ఒకటే. మారేది ఎక్కణ్ణుంచి అంకెలు తీసుకుంటామన్నదే. అందుకని ముందు షీటు మీద రంగు పెన్సిళ్ళతో గట్లు వేశాను. సముద్రం వైపున్న ఉద్దానం ఊళ్ళ కొబ్బరి అంకెలన్నిటి చుట్టూ ఎర్ర గీత గీసి, పై మూల 'ఉద్దానం కొబ్బరి' అని పేరు రాశాను. జీడి అంకెల చుట్టూ నీలం గీత, దానికో పేరు. మెట్ట వరికి ఒకటి, చెరువు కింద వరికి ఒకటి. చూస్తే పొలంలో మళ్ళు కట్టినట్టుంది. అందుకే వాటిని మళ్ళు అనే పిలుచుకున్నాం.

తర్వాత ఒక అట్ట మీద చెయ్యాల్సిన పని రాశాను. 'చెప్పిన పేరున్న మడిలోకి వెళ్ళండి. గట్టు లోపల ఒక్కో నెల కిందా ఉన్న అంకెలు కూడండి. వచ్చిన మొత్తాల్లో అన్నిటికన్నా పెద్దది చూడండి. అది కాగితం పై అంచు కిందికి వచ్చేలా కొలత పెట్టుకోండి. నెలకో చుక్క పెట్టండి. చుక్కలు కలపండి. మడి పేరే చార్టు పేరు.' అంతే. కొబ్బరికైనా వరికైనా అదే అట్ట. పేరొక్కటే మారుతుంది.

ఆవిడ అట్ట పక్కన పెట్టుకుని వేలితో చదువుకుంటూ మెట్ట వరి గీసింది. నేను గీసిన దాని పక్కన పెడితే రెండూ ఒకటే. ఆవిడ నవ్వు చూడ్డం అదే మొదలు. ఆఫీసరు గారు రెంటినీ కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశారు. సెలవు మీద సంతకం పెట్టారు. ఆ రోజు నాకు సంతోషం కన్నా నిద్ర ఎక్కువ వచ్చింది.

అత్తవారి ఊళ్ళో ఉండగా, ఒక మిట్ట మధ్యాహ్నం నా భార్యకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కాసేపు చూసి బయటికొచ్చింది. "బిడ్డ అడ్డం తిరిగినట్టుంది బాబూ, నా వల్ల కాదు. కాశీబుగ్గ తీసుకుపోండి" అంది. మావగారు పొలంలో ఉన్నారు. ఊళ్ళో ఉన్న ఒక్క బండీ ఎటో వెళ్ళింది. నేను వీధిలోకొచ్చి ఎటు పరిగెత్తాలో తెలీక నిలబడిపోయాను.

అప్పుడు సైకిలు నడిపించుకుంటూ ఆ వైపు గ్రామసేవకుడు వచ్చారు. ఇసకలో సైకిలు తొక్కడానికి వీలుండదు, నడిపించాల్సిందే. సర్వీసు చివరికొచ్చిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఆఫీసులో ఒకటి రెండుసార్లు చూసిన ముఖమే.

"ఏటి బాబూ, అలా నిలబడిపోనావు?"

చెప్పాను. ఆయన వెంటనే సైకిలు మా గోడకి ఆనించి పక్క పేటకి నడిచారు. తిరిగొచ్చేటప్పుడు ఎడ్లబండితో వచ్చారు. ఆ బండివాడు కొబ్బరికాయలు ఎక్కించుకుంటూ ఉంటే సగం దింపించేశారట. నా భార్యనీ, అత్తగారినీ ఎక్కించాం. చక్రాలు ఇసకలో దిగబడ్డ చోటల్లా నేనూ ఆయనా వెనక నుంచి నెట్టాం. దారిలో ఆయన ఒకటే మాట అంటున్నారు. "ఇంకెంత, అదిగో సరుగుడు తోట. అది దాటితే రోడ్డే అమ్మా." సరుగుడు తోటలు నాలుగైదు దాటాం. ప్రతి తోటకీ అదే మాట.

రోడ్డు మీద జీడిగింజల లారీకి అడ్డంగా నిలబడి ఆపించారు. బస్తాల మధ్య చోటు చేయించారు. డ్రైవరుతో, "గోతులుంటే మెల్లగా పోనీ నాయనా, లోన మనిషుంది" అని చెప్పి, లారీ కదిలాక అక్కడే మైలురాయి మీద కూలబడ్డారు. నేను వెనక్కి చూస్తే కండువాతో ముఖం తుడుచుకుంటున్నారు.

దీపాలు పెట్టే వేళకి కాశీబుగ్గలో డాక్టరమ్మ చేతుల్లో మాకు ఆడపిల్ల పుట్టింది. తల్లి బాగా నీరసించింది కానీ బతికింది.

సెలవు అయిపోయి ఆఫీసుకొచ్చాను. ఆఫీసరు గారి గోడ మీద కొత్త చార్టులు శుభ్రంగా ఉన్నాయి. ఉద్దానం కొబ్బరి దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. అన్నాళ్ళూ మెల్లగా పైకెళ్తున్న గీత ఆఖరి నెలలో నిట్టనిలువునా కిందికి పడింది.

టైపిస్టు గారు నా బల్ల దగ్గరికి వచ్చింది. "మీరు రాసినట్టే గీశానండి. గీత అలా పడేసరికి నాకే అనుమానం వేసింది. మళ్ళీ కూడాను. అదే వచ్చింది. ఒకసారి చూడాలండీ అని అయ్యగారితో అన్నాను కూడా. 'చూడ్డానికేముంది, కనపడుతోంది కదా' అన్నారు."

"ఎవరికైనా రాశారా?"

"ఆ వైపు గ్రామసేవకుడికి మెమో ఇచ్చారు. మొక్కలు నాటించకుండా నిద్రపోతున్నావని. నేనే టైపు చేశాను." ఆవిడ తల దించుకుంది. "ఇవాళ రమ్మన్నారు."

వరండాలోకి వెళ్ళాను. బెంచీ మీద ఆయనే. ప్యాంటు అంచుల్లో ఇంకా ఇసక ఉంది. నన్ను చూడగానే లేచారు.

"పాపా తల్లీ కులాసానా బాబూ?"

"కులాసాయేనండి. మీరు ఎప్పుడొచ్చారు?"

"పొద్దున్నే వచ్చినాను. అయ్యగోరు పిలవలేదింకా." మెమో మాట ఆయన ఎత్తలేదు. నేనే అడిగితే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసిచ్చారు. "మొక్కలు నాటించినాను బాబూ. నా కళ్ళతో సూసి రాసినాను. మరి అవి ఏటైనాయో నాకు తెలీదు."

ఆయన్ని లోపలికి తీసుకొచ్చి షీటు పరిచాను. టైపిస్టు గారు అంకెలు చదువుతుంటే ఆయన ఊరు పేరు వినగానే తలూపుతున్నారు. ఒక పెద్ద ఊరి దగ్గర ఆపారు.

"ఇది తక్కువుందే. దీన్లో సుట్టూ ఉన్న పేటలు కూడా కలిసుండాల."

"పేటల్ని విడిగా చూపించాలని కొత్తగా ఆర్డరు వచ్చిందండీ" అంది టైపిస్టు గారు. "మీరు లేనప్పుడు షీటు చూసిన గుమాస్తా గారు వేరే కాగితం ముక్క మీద రాసి అతికించారు."

ఆ ముక్క ఎక్కడుందో చూశాం. షీటు అడుగున, ఎర్ర గట్టు కింద. పెద్ద ఊరి అంకెలోంచి పేటల్ని తీసేశారు. తీసినవాటిని గట్టు బయట అతికించారు. గట్టు లోపలున్నవే కూడమని అట్ట మీద ఉంది. ఆవిడ లోపలున్నవే కూడింది. పేటలన్నీ బయటే ఉండిపోయాయి. అతికించినాయనకి గట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. అతికించారని తెలిసినా, ఆ ముక్క గట్టు లోపలికి రావాలని ఆవిడకి తట్టలేదు. తప్పు ఫలానా వాళ్ళదని వేలు పెట్టి చూపించడానికి లేదు. దెబ్బ మాత్రం ఈయనకి తగిలింది.

ముగ్గురం లోపలికి వెళ్ళాం. నేను చెప్పినదంతా ఆఫీసరు గారు విన్నారు. గోడ వైపు చూశారు.

"సరే, చార్టు మార్చండి."

"మెమో అండీ?"

"మెమో వెళ్ళిపోయింది కదయ్యా, నంబరు పడింది. సంజాయిషీ ఇస్తే ఫైలు మూసేస్తాను. రాసిమ్మను."

బయటికొచ్చాక గ్రామసేవకుడు నన్ను అడిగారు. "నేనేటని రాయాల బాబూ? మొక్కలు గీత కింద పడిపోనాయని రాయాలా?"

నవ్వొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఆయనకీ రాలేదు. నేను చెబుతుంటే టైపిస్టు గారు కొట్టింది. పేటల అంకెలు వేరే చోట నమోదు కావడం వల్ల మొత్తం తక్కువగా కనిపించిందని, మున్ముందు మరింత శ్రద్ధగా ఉంటానని. ఆ ఆఖరి వాక్యం లేకపోతే సంజాయిషీ చెల్లదని హెడ్డు గుమాస్తా అన్నారు. చెయ్యని తప్పుకి శ్రద్ధగా ఉంటానని ఆయన సంతకం పెట్టారు. 

"బస్సుకి టైముంది కదా. ఆ గీత మార్సిన తర్వాత ఒకసారి సూసి పోతాను" అన్నారు.

టైపిస్టు గారు అప్పటికే గట్టు చెరిపి పేటల్ని కలుపుకుని కొత్తది గీసింది. కూడింది. చుక్కలు పెట్టింది. ఆఖరి చుక్క ముందు దాని కన్నా కాస్త పైనే పడింది. ఆయన వంగి, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా చూశారు.

"ఊఁ. ఇలాగే ఉండాల" అన్నారు. ఆవిడతో, "నువ్వేటి సేత్తావమ్మా, నీ పని నువ్వు సేసినావు" అని గుడ్డ సంచీ భుజానికి తగిలించుకున్నారు.

బస్సు దాకా తోడు వెళ్ళాను. దారిలో ఆయనే తన మోకాళ్ళ గురించి, ఏ నూనె రాస్తే కాస్త నయంగా ఉంటుందో, అవీ ఇవీ చెప్పుకుంటూ నడిచారు.

మర్నాడు అట్ట మీద ఇంకో మాట చేర్చాం. ప్రతి మడిలోనూ అడుగున ఒక ఖాళీ వరస ఉంచాలి. ఆ వరస గట్టు లోపలే ఉండాలి. కొత్త ఊరు ఏదొచ్చినా షీటుని ఆ వరస పైన కత్తిరించి మధ్యలో అతికించాలి, కింద అతికించకూడదు. అలా చేస్తే గట్టు తనంతట తనే దిగుతుంది. గుమాస్తాని కూడా కూర్చోబెట్టి ఇది చెప్పాను. ఆయన విసుక్కుంటూనే విన్నాడు. ఆ తర్వాత ఏ ఊరూ గట్టు దాటలేదు.

దాని వల్ల నాకు పని తగ్గిందా అంటే, లేదు. చార్టులు తొందరగా వస్తున్నాయని తెలిసి ఆఫీసరు గారు వేరుశనగ, గేదెలు, నూతులు, అన్నిటికీ అడగడం మొదలుపెట్టారు. షీటు మీద మళ్ళు పెరిగాయి. రంగు పెన్సిళ్ళు చాలక చుక్కల గట్లు, గొలుసు గట్లు వేశాం. ఆయన బదిలీ అయ్యి కొత్తాయన వచ్చాడు. ఆయనకి గీతలు నచ్చలేదు, నిలువు కడ్డీలు కావాలన్నాడు. టైపిస్టు గారు అట్ట మీద 'చుక్కలు కలపండి' అన్న మాట కొట్టేసి, 'చుక్క దాకా కడ్డీ నిలపండి' అని రాసింది. నన్ను అడగను కూడా లేదు.

పాపకి అన్నప్రాశన చేసిన ఆదివారం గ్రామసేవకుణ్ణి కాశీబుగ్గ మా ఇంటికి భోజనానికి పిలిచాను. వచ్చారు. నా భార్య ఆయన కాళ్ళకి దణ్ణం పెడితే కంగారుపడి వెనక్కి జరిగారు. పాపని ఒళ్ళో పెట్టుకుని, "ఈ పిల్ల కోసం ఆ ఎడ్లు ఎంత కట్టపడినాయో" అన్నారు. తృప్తిగా తిన్నారు. తిన్నాక అరుగు మీద నడుం వాల్చి, మాట మధ్యలోనే నిద్రపోయారు.

ఎండ అరుగు మీదికి జరిగింది. నేను లేపబోతే నా భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. పాత దుప్పటి ఒకటి తెచ్చి చూరుకి కట్టింది. బండి వేళయ్యే దాకా ఆయన దాని నీడలో అలాగే పడుకున్నారు.