తీసేసిన ఊపిరి

పాత రికార్డులు ఎంత బాగున్నాయో అని ఎవరైనా మొదలుపెడితే నాకు విసుగొస్తుంది. లేచి వెళ్లే ఓపిక లేక వింటూ కూర్చుంటాను.

మా అక్క మొగుడు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. ఆయనకు హార్మోనియం నేను. ముత్తుకూరు నుంచి కావలి దాకా మేమెక్కని స్టేజీ లేదు. పద్యం చివర బావ తీసే రాగం కోసమే జనం గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేవాళ్లు. రాగం మధ్యలో ఆయన ఊపిరి తీసుకునే చోటు నాకు తెలుసు. అక్కడ కాలితో హార్మోనియం తిత్తి గట్టిగా తొక్కి అదే స్వరం పట్టుకునేవాణ్ని, ఆయన వచ్చి అందుకునేవాడు. అతుకు ఎవరికీ తెలిసేది కాదు. గొప్పేమీ కాదు, హార్మోనిస్టు పనే అది.

అరవైల మొదట్లో మద్రాసు రికార్డుల కంపెనీ ఒకటి మమ్మల్ని పిలిచింది. కిటికీల్లేని గది. బావను మైకు ముందు నిలబెట్టి, నా చప్పుడు ఎక్కువైందని నన్ను మూలకు తోసి, హార్మోనియం పెట్టె మీద దుప్పటి కప్పారు. ఎదురుగా జనం లేక బావ గోడకు పద్యం అప్పజెప్పినట్టు పాడాడు. తిరిగి వినిపిస్తే, రాగం మధ్యలో ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు స్పష్టంగా వినబడింది. నాకు సిగ్గేసింది. బావ వక్కాకు వేసుకోవడానికి బయటికి వెళ్లినప్పుడు, అది తీసెయ్యడం కుదురుతుందా అని ఇంజనీరును నేనే అడిగాను. ఆయన బ్లేడుతో టేపు కోసి అతికించాడు. రాగం ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను.

ఆ రికార్డు మాకంటే ముందే పల్లెలకు చేరింది. పెళ్లిళ్లలో మైకుసెట్ల వాళ్లు అదే వేసేవాళ్లు. ముత్తుకూరులో ఒక పెళ్లిపందిట్లో బావ మొదటిసారి విన్నాడు. అందరూ మెచ్చుకుంటుంటే విస్తట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

ఏడాది తిరక్కుండా కావలి దగ్గర నాటకం. బావ ఎప్పటి చోటనే ఊపిరి తీసుకున్నాడు, నేను ఎప్పటిలాగే స్వరం పట్టుకున్నాను. ముందు వరసలో ఒకాయన లేచాడు.

"రికార్డులో ఆపకుండా పాడినావే, మాకైతే ఇంతేనా?"

జనం నవ్వి వన్స్ మోర్ అన్నారు. వద్దని తల ఊపాను. బావ నన్ను చూసి కూడా ఊపిరి తీసుకోకుండా లాగాడు. గొంతు చీలిపోయింది. ఎంత తొక్కినా నేను పూడ్చలేకపోయాను. మిగతా పద్యాలు వచనంలా చెప్పి ముగించాడు.

మర్నాడు బస్సు కోసం కూర్చున్నాం. ఇద్దరికీ ఒళ్లు హూనమై ఉంది. బావకు గొంతు లేవడంలేదు, గుసగుసగా అడిగాడు.

"ఆ ఊపిరి తీసెయ్యమని ఎవరు చెప్పినారు అబ్బయా?"

ఇంజనీరు తనంతట తానే చేశాడన్నాను.

"అదే అనుకున్నాలే. నా ఊపిరెంతో నీకు తెలుసు గదా. నువ్వైతే ఒప్పుకోవు."