నానమ్మ అరికాళ్ళు

నిన్న పక్క ఫ్లాట్‌లో ఎవరో వడియాలు వేయించారు. ఆ జీలకర్ర వాసన కిటికీలోంచి వచ్చి నన్ను చిలకలగూడలోని మా పాత మిద్దె మీదికి లాక్కెళ్ళింది.

వేసవి సెలవుల్లో ఆ మిద్దె నానమ్మ రాజ్యం. తడిపి పరిచిన పాత చీర, ఉడికిన సగ్గుబియ్యం, పచ్చిమిర్చి ఘాటు, స్టేషన్ వైపునుంచి రైలు కూత. కబుర్లాడుతూనే బియ్యంలో రాళ్ళేరే వేళ్ళు ఆమెవి. పిండి ముట్టుకుంటే చాలు, ఇంకెంతసేపు ఉడకాలో చెప్పేసేది. అంత తెలివైన వేళ్ళు నేను మళ్ళీ చూడలేదు.

నా తొమ్మిదో ఏట ఒక మధ్యాహ్నం నేను కాళ్ళు కాలి గెంతుతుంటే, ఆమె వట్టి కాళ్ళతోనే నింపాదిగా వంగి వడియాలు తిరగేస్తోంది.

“నానమ్మా, కాళ్ళు కాలుతలేవా?”

“ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉంది.”

సాయంత్రానికి రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కాయి.

సీతాఫల్‌మండిలో డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమని, అరికాళ్ళకు దూది తాకించారు, సూదిమొన ఆనించారు. “ఎప్పుడు షురూ చేస్తవయ్యా?” అని నానమ్మ అడిగేసరికి ఆయన పరీక్ష అయిపోయింది.

“షుగర్‌తోని నరాలు చెడినయమ్మా. అన్నిటికన్న పొడుగు నరాలు కాళ్ళవే, ముందుగాల అవే పోతయ్. కాలితే మెదడుకు కబురు పోతలేదు. చెప్పుల్లేకుండ నడవద్దు. పుండు ముదిరితే కాలే తీసెయ్యాల్సొస్తది.”

నేను గబగబా చెప్పులు నానమ్మ కాళ్ళ దగ్గరికి జరిపాను. నానమ్మ మాత్రం మొండికేసింది. “తినేదాని నడుమ చెప్పులేసుకొని తిరుగుతరా ఎవరన్న?”

డాక్టరు నవ్వి నాకో సంగతి చెప్పారు. నిప్పు తొక్కితే మెదడుకు తెలిసేలోపే వెన్నుపాము ఆజ్ఞాపించి కాలు లేపేస్తుందట, నొప్పి మనకు తెలిసేది ఆ తర్వాతేనట. నా ఒంట్లో నన్నడక్కుండానే నన్ను కాచే కాపలా ఒకటుందని తెలిసి మురిసిపోయాను. ఆ కాపలా నానమ్మకు లేదని ఏడుపూ వచ్చింది.

మర్నాటినుంచి మిద్దె మీద ముందు నా పాదం పడాల్సిందే. నేను గెంతితే నానమ్మ మెట్లమీదే ఆగేది. సాయంత్రం ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులతో సహా పుండ్లకోసం వెతికేదాన్ని. “ఇంకా ఎంతసేపే, పరేషాన్ చేస్తున్నవ్” అని విసుక్కుంటూనే రెండో కాలు చాపేది. పెళ్ళయి కాప్రాలో కాపురం పెట్టాకా ఆదివారాలు వెళ్ళి చూసేదాన్ని.

ఇప్పుడు ఆ మిద్దె లేదు, అక్కడ నాలుగంతస్తులు లేచాయి. వడియాలు మేమూ ప్యాకెట్లే కొంటాం. పోయిన ఏడాది నానమ్మ కాలం చేసింది. అందరూ ఆమె పాదాలకు మొక్కి లేస్తుంటే, నేను కూర్చుని రెండు అరికాళ్ళూ వెలుతురుకు తిప్పి చూశాను. ఎనభై నాలుగేళ్ళు నడిచిన కాళ్ళు. ఒక్క పుండు లేదు.