రెండో హెచ్చరిక

రాజమండ్రిలో రైలు దిగేసరికి వాన. వరద సహాయానికి వచ్చిన మా సైనిక దళంలో నలభై మందిమి. నాలుగు రబ్బరు పడవలు, ఇంజన్లు, తాళ్లు, లైఫ్ జాకెట్లు. లారీల్లో గౌతమి ఏటిగట్టు మీదుగా సముద్రం వైపు వెళ్లాం. ఎడమ పక్క కొబ్బరితోటలు, కుడి పక్క ఎర్రనీళ్లు. నీళ్లు తోటల నేలకంటే ఎత్తులో ఉన్నాయి.

దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మాది తణుకు. అప్పటికి హవల్దార్‌ని. మేజర్‌గారు మ్యాప్ పరిచి ముందు నన్నే పిలిచారు.

మాకు రెండు లంకలు అప్పగించారు. లంకంటే ఏరు మేట వేసి కట్టిన ఇసుక దీవి. దానికి గట్టుండదు. ఏరు ఒక అంచు కోసేస్తుంది, ఇంకో అంచున మేట వేస్తుంది. ఊరు ఆ వెంటే జరుగుతూ ఉంటుంది. పై లంకలో జనం ఎక్కువ. కింది లంక సముద్రానికి దగ్గర. అక్కడ చేపలు పట్టేవాళ్ల ఇళ్లు కొన్ని.

రేడియో ఆపరేటర్ తలెత్తాడు. "ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక. ఇంకా పెరుగుతోంది."

కింది లంకకు ఎంత టైముందని మేజర్‌గారు నన్నడిగారు.

"సాయంత్రం దాకా భయం లేదు సార్" అన్నాను.

ఆ మాట నాకెక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. దొరలు ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టినప్పటి నుంచి మా డెల్టా గోదావరిని అక్కడి నీటిమట్టం అంకెతోనే కొలుస్తుంది. మొదటి హెచ్చరికకు ఎవరూ కదలరు. రెండోదానికి గొడ్లను గట్టెక్కిస్తారు. మూడోదానికి మనుషులు లేస్తారు. చిన్నప్పటి నుంచి విన్న లెక్కే యూనిఫాంలోనూ చెప్పాను.

పదకొండింటికి కింది లంకకు పడవ కట్టాం. పడవ నడిపే నాయక్‌ది కేరళ తీరం. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. "ఇవాళ అమావాస్య సాబ్. సముద్రం పోటు గట్టిగా ఉంటుంది" అన్నాడు.

"ఇది గోదావరిరా, మీ ఊరి కాలవ కాదు" అని నవ్వాను.

చివరి ఇల్లు సత్యవతిగారిది. వాకిట్లో మోకాలి లోతు నీళ్లు. లోపల అత్తగారు తుంటి విరిగి మంచం మీద ఉన్నారు. స్ట్రెచర్ ఇంకో పడవలో పై లంకకు వెళ్లింది. భర్త, ఇద్దరు పిల్లలు అప్పటికే మా పడవెక్కారు.

"మూడోది ఇంకా రాలేదు కదండి? మీరు మళ్లీ వచ్చేదాకా అత్తయ్యగారి దగ్గర ఉండమంటారా?" అని ఆవిడ అడిగారు.

"ఉండండమ్మా. మూడోది వచ్చినా ఆ నీరు ఇక్కడికి దిగేసరికి చాలా టైము పడుతుంది. పై లంక ఖాళీ చేసి స్ట్రెచర్ తెస్తాం."

భర్త దిగబోయాడు. పిల్లలు ఏడుస్తున్నారని భుజం మీద చెయ్యేసి నేనే కూర్చోబెట్టాను.

మధ్యాహ్నం పోటెక్కింది. మూడో హెచ్చరిక రానేలేదు. ఏరు సముద్రంలోకి దిగలేక నిలబడిపోయింది. నిలబడి లేచింది. గట్టు మీద కాపలా వాడు రేడియోలో పిలిచాడు. "కింది లంక కనబడటం లేదు."

వెంటనే కింది లంకకు బయల్దేరాం. పడవ అడ్డంగా కొట్టుకుపోతోంది. మునిగిన కంచె తీగ నీళ్లలో తిరిగే ఫ్యానుకు చుట్టుకుని ఇంజన్ ఆగింది. నాయక్ నీళ్లలోకి వంగి తీగ కోస్తుంటే, నేను అతని బెల్టు పట్టుకున్నాను. ఇంజన్ అందుకున్నాక కూడా నా వేళ్లు బెల్టు వదల్లేదు.

అత్తగారు దక్కలేదు. తిరిగొచ్చేటప్పుడు పడవలో సత్యవతిగారు ఒక్క మాటే అన్నారు. "ఒక్కదాన్నే మంచం ఎత్తలేకపోయానండి."

గట్టు మీద భర్త పడవలోకి చూశాడు.

పింఛను తీసుకుని తణుకు వచ్చాక, అడిగినవాళ్లకల్లా ఒకటే చెప్పాను. ఎంత బతిమాలినా ఆవిడ రానన్నారని. లంకవాళ్లు చెప్తే వినరండి అని వాళ్లూ తలూపారు. అది అబద్ధం. వాళ్లు విన్నారు. నా మాటే విన్నారు.

ఇప్పటికీ వరద రోజుల్లో నాకు నిద్ర పట్టదు. కళ్ల ముందు ఒకటే ఉంటుంది. మేం దగ్గరకొచ్చేసరికి సత్యవతిగారు ఇంటి కప్పు మీద కూర్చుని ఉన్నారు. పిలవలేదు, చెయ్యి ఊపలేదు. నీళ్లు ఆవిడ వీపు వెనక, సముద్రం వైపు నుంచి ఎక్కి వస్తున్నాయి. ఆవిడ మాత్రం ఇంకా ధవళేశ్వరం వైపే చూస్తున్నారు.