బన్ను బాబాయి వినని పాట

మీరు ఇంకెవర్ని కలిసినా కలవకపోయినా, బన్ను బాబాయిని మాత్రం ఒక్కసారి కలిసి తీరాలి. వీధి మలుపులో మంగలి షాపుకి ఎదురుగా ఆయన బేకరీ ఉంది. నిలువెత్తు మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ పిండి ఉంటుంది, నవ్వితే అది రాలుతుంది. రాలేది అనాలేమో. ఇప్పుడు నవ్వడం తక్కువ.

ఒకప్పుడు ఆ బేకరీలో గడియారం ఉండేది కాదు. ఆయన భార్య ఉండేది. ముందు గదిలో కూర్చుని బిస్కట్లు పొట్లాలు కడుతూ ఆవిడ పాత సినిమా పాటలు పాడేది. వెనక గదిలో బాబాయి ఆ పాటలతోనే పొయ్యిని నడిపేవాడు. మొదటి పాట ఎత్తుకోగానే ట్రే లోపలికి. రెండో పాట చరణంలో ట్రేని అటుదిటు తిప్పాలి. మూడోది ముగిసేసరికి బయటికి లాగాలి.

"ఇవాళ నీ ఏడుపు పాటని అంత సాగదీశావు, ట్రే మొత్తం మాడింది," అని లోపల్నుంచి అరిచేవాడు.

"పాట విన్నవాడివి పొయ్యి కూడా చూసుకోవాలిగా," అని ఆవిడ అక్కణ్ణుంచే చురక అంటించేది. కొనడానికొచ్చిన వాళ్లు ఈ తగువు పూర్తయ్యేదాకా కదిలేవాళ్లు కాదు.

వాళ్ల కూతురికి తల్లి గొంతే వచ్చింది. కాలేజీ రోజుల్లో ఆ పిల్ల, అసలు పాటల మ్యూజిక్ వెనక పెట్టి తల్లిచేత పాడించి, వీడియోలు తీసి నెట్‌లో ఒక చానల్ పెట్టింది. చూసేవాళ్లు ఆ వీధివాళ్లూ, నలుగురు చుట్టాలూ, అంతే. ఫోన్ నిండిపోయి సతాయిస్తుంటే బాబాయే అన్నాడు, "అక్కడ భద్రంగా ఉన్నాయిగా అమ్మా, ఇక్కడివి తీసేయ్." తీసేసింది.

ఆ తర్వాత ఆవిడకి జబ్బు చేసింది. ఎక్కువ రోజులు పట్టలేదు.

బేకరీ మళ్లీ తెరిచిన రోజు పొయ్యి పక్కన గోడకి ఫోన్ వేలాడుతోంది. అందులో ఆవిడ పాడుతోంది. పాట మొదలవగానే ట్రే లోపలికి వెళ్లింది, మూడో పాట ముగిసేసరికి బయటికొచ్చింది. బిస్కట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. కొనుక్కున్నవాళ్లే నిలబడి తినలేకపోయారు.

అలా కొన్నాళ్లు గడిచింది. ఒక ఉదయం వీడియో నొక్కితే నల్లటి తెర వచ్చింది. ఆ పాటల హక్కులు ఫలానా కంపెనీవి అని కింద రాసుంది.

"మనం ఒప్పుకోవట్లేదని చెప్పొచ్చు నాన్నా," అంది కూతురు. "ఇది మీ సొంతమేనా అని అడుగుతోంది. అవునని కొట్టేస్తా."

"అబద్ధమెందుకే? పాట వాళ్లదే. గొంతు మీ అమ్మది. అలాగే రాయి."

"రాయడానికి చోటు లేదు నాన్నా. అవును, కాదు, రెండే ఉన్నాయి."

బాబాయి చేతులు దులుపుకున్నాడు. "అయితే కాదను."

ఆ పిల్ల బతిమాలింది. ఆయన వినలేదు. చివరికి కాదనే నొక్కింది. వారం తిరక్కుండానే మిగతా వీడియోల మీద కూడా ఫిర్యాదులు పడి, చానల్ మొత్తం మాయమైపోయింది.

బాబాయి బిస్కట్ల డబ్బా ఒకటి పట్టుకుని ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్లాడు. అద్దాల గది, చల్లటి గాలి, గోడల నిండా సినిమా బొమ్మలు. బల్ల వెనకున్న అమ్మాయి ఆయన చెప్పింది మధ్యలో ఆపకుండా వింది.

"అది మెషీన్ పట్టుకుంటుందండీ. ఇక్కడ కూర్చుని ఎవరూ చూడరు."

"అయితే ఆ మెషీన్‌నే చూపించమ్మా. మెషీన్లతో మాట్లాడటం నాకు అలవాటే, రోజూ పొయ్యితో మాట్లాడతాను. మీ పాట మీరే ఉంచుకోండి, మ్యూజిక్ తీసేసి గొంతు ఒక్కటి ఇచ్చేయండి."

ఆ అమ్మాయి లోపలికి వెళ్లి వచ్చింది. కళ్లు ఎత్తకుండా చెప్పింది, "గొంతు ఒక్కటే విడిగా ఇచ్చే దారి లోపల కూడా లేదటండీ."

డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాడు.

ఆ రోజునుంచి బాబాయి సినిమా అన్నదాన్ని వెలేశాడు. టీవీ ఎవరికో ఇచ్చేశాడు. బేకరీ గోడమీద పోస్టర్ అంటించడానికొస్తే బకెట్ నీళ్లతో నిలబడ్డాడు. షాపులో ఎవరి ఫోన్ పాడినా, "బయటికెళ్లి విను నాయనా," అనేవాడు. తనూ కూనిరాగం తీయడం మానేశాడు. పొయ్యి పైన గోడకి టిక్కుటిక్కుమనే గడియారం వెలిసింది.

"బాబాయ్, నువ్వు హాలుకి రావట్లేదని హీరోగారు నిద్ర మానేశాడట," అని మంగలి ఎదురు గుమ్మంలోంచి ఆటపట్టించేవాడు.

"మానితే మానాడు. బన్ను తిని పడుకోమను."

"నువ్వొక్కడివి చూడకపోతే వాళ్లకేం పోతుంది?"

"వాళ్లకేం పోదురా. నా దగ్గర మిగిలింది ఈ కళ్లూ చెవులే, అవి కూడా వాళ్లకివ్వను."

ఈలోగా కూతురు బృందగానాల్లో పాడుతూ పాడుతూ, ఒక సినిమాలో మొదటిసారి ఒంటరిగా పాట పాడింది. ఎవరి కంపెనీయో ఇంట్లో చెప్పలేదు. పాట విడుదలైన రోజు మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా బేకరీకి వచ్చింది.

"వాళ్లేనా?" అన్నాడు బాబాయి.

"వాళ్లే. ఇంకెవరూ పిలవలేదు నాన్నా." కాస్త ఆగి అంది, "రికార్డింగులో అందరూ అడిగారు, ఇంత పాత గొంతు నీకెక్కణ్ణుంచి వచ్చిందని."

బాబాయి పిండి కలపడం ఆపాడు. "ఇక్కడ పాడు. వింటాను. పొద్దుపోయేదాకా కూర్చుని వింటాను."

"పాడకూడదు. అనుమతి లేకుండా ఎక్కడా పాడనని సంతకం పెట్టాను."

"మన షాపులో కూడానా? మీ అమ్మ కూర్చున్న చోట కూడానా?"

షట్టర్ దింపాడు. ఆ పిల్ల గొంతు సవరించుకుని పల్లవి ఎత్తుకోబోయింది. ఇంతలో బయట ఎవరో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుకుంటూ వెళ్లారు. ఆమె నోరు మూసేసుకుంది.

"వద్దు నాన్నా. ఎవరి ఫోన్లోనైనా పడుతుందేమో, భయమేస్తోంది."

తండ్రి ఎదుట పాడటానికి ఆ పిల్ల భయపడటం ఆయన మొదటిసారి చూశాడు. ఆమె ఇయర్‌ఫోన్ ఒకటి తీసి ఆయన పిండి చేతిలో పెట్టింది. "వాళ్ల యాప్‌లో ఉంది. ఒక్కసారి విను. అమ్మ ఎలాగూ లేదు. నేనున్నానుగా. నన్ను కూడా వెలేస్తావా?"

బాబాయి దాన్ని చెవిదాకా తీసుకెళ్లాడు. చాలాసేపు చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత దాన్ని ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"నీ మీద కోపం లేదురా తల్లీ. నా వల్ల కావట్లేదు."

ఆమె ఏడవలేదు. షట్టర్ తనే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి. ఇప్పుడు, బాగున్నావా, బాగున్నాను, అంతవరకే.

ఆ పాట ఊరంతా మోగుతోంది. బాబాయి రోడ్డు దాటుతుంటే మంగలి తన రేడియో కట్టేస్తాడు. ఆయన మాత్రం బేకరీ మూశాక వెళ్లి మంగలి షాపు కుర్చీలో కూర్చుంటాడు.

"పిల్ల ఎలా పాడిందిరా?"

"నిన్న చెప్పాగా బాబాయ్."

"మళ్లీ చెప్పు. చరణంలో గొంతు ఎక్కడ పైకెత్తింది? ఊపిరి ఎక్కడ తీసుకుంది?"

మంగలికి పాట వినిపించడం చిటికెలో పని. అయినా కత్తెర పక్కన పెట్టి, మాటలు వెతుక్కుంటూ, తెలిసినంత చెబుతాడు. బాబాయి కళ్లు మూసుకుని వింటాడు.

ఆ మధ్యాహ్నం ఆ ఇయర్‌ఫోన్ మీ చేతిలో ఉండి ఉంటే, మీరేం చేసేవారు?