వేడినీళ్లలో పెళ్లిచూపులు

మా ఇళ్లలో పెళ్లిచూపులంటే నాలుగు కుర్చీలు, ప్లేట్లలో మిక్చరు, టీ, రెండు మూడు పనికిరాని ప్రశ్నలు. పూర్వం అమ్మాయిని నడిపించి చూసేవారని, జడ విప్పించి చూసేవారని పెద్దవాళ్లు చెబితే పగలబడి నవ్వేదాన్ని. బట్టలు విప్పి నీళ్లలో కూర్చోబెట్టే పెళ్లిచూపుల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. అవి నాకు కెనడాలో, ఒక జపాన్ పద్ధతి సత్రంలో జరిగాయి.

అప్పట్లో నేను ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌లో ఒక బేస్‌మెంట్‌లో మరి కొందరు అమ్మాయిలతో కలిసి ఉండేదాన్ని. విమానాలు మనవైపు స్టూడెంట్లతో నిండి దిగుతున్న రోజులవి. కాలేజీ అయిపోయింది, వర్క్ పర్మిట్ నడుస్తోంది, వేర్‌హౌస్‌లో డబ్బాలకు లేబుళ్లు అంటించే పని. ఇక్కడే స్థిరపడాలంటే పీఆర్ కార్డు రావాలి. పీఆర్‌కు కావలసిన స్కోరు ప్రభుత్వం తీసే ప్రతి డ్రాకీ పెరుగుతూ నాకు అందకుండా పోతోంది. సరిగ్గా అప్పుడే ఈ సంబంధం వచ్చింది. అబ్బాయి గంట దూరంలోని ఎటోబికోలో వాళ్ల అక్కా బావల ఇంట్లో ఉంటాడు. మంచి ఉద్యోగం, పీఆర్ ఉంది. "నీకొచ్చింది సంబంధం కాదే, పీఆర్ కార్డే కాళ్లొచ్చి నడిచొచ్చింది" అని రూమ్మేట్లు ఏడిపించేవారు. నిజానికి నాకు అబ్బాయే నచ్చాడు. నెమ్మదిగా మాట్లాడేవాడు, షిఫ్టు అయ్యేసరికి తిన్నావా అని మెసేజ్ పెట్టేవాడు. ఇండియాలో పెద్దవాళ్ల మాటలు పూర్తయి ముహూర్తం ఒక్కటే మిగిలింది.

ఒక విషయం మాత్రం అబ్బాయివాళ్లలో ఎవరికీ తెలియదు. నా నడుం మీద ఎడమ పక్కన అరచేయంత తెల్లమచ్చ ఉంది. బొల్లి. ఇంటర్ చదివేటప్పుడు చిన్న చుక్కగా మొదలై, అంత అయ్యాక ఆగిపోయింది. నొప్పి లేదు, దురద లేదు, ఎవరికీ అంటుకోదు. స్కిన్ డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా అమ్మ వినలేదు. చేప తిన్న రోజు పెరుగు ముట్టనిచ్చేది కాదు, నడుం కనబడే చీర కట్టనిచ్చేది కాదు. సంబంధం ఖాయమవుతోందని తెలిసి, అబ్బాయికి ముందే చెప్పేస్తానన్నాను. అమ్మ ఫోన్లోనే ఏడుపు లంకించుకుంది.

"చెప్పకు బిడ్డా, నీకు దండం పెడ్త. లగ్గమైనంక మెల్లగ చెప్పుకోవచ్చు."

"అప్పుడు తెలిస్తే ఊకుంటడా అమ్మా?"

"పెండ్లాన్ని ఇడిచిపెడ్తడా ఏంది? నీ చెల్లె గురించి గూడ జర సోచాయించు."

చెల్లెలి పెళ్లి మాట ఎత్తేసరికి ఇంక వాదించకుండా సరేనన్నాను. ఆ తర్వాత అబ్బాయితో మాట్లాడిన ప్రతిసారీ విషయం గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. చెప్పకపోతే మోసం, చెబితే పోతాడేమోనని భయం. ఆ రెండింటి మధ్యా నిద్ర పట్టేది కాదు.

అలా ఉండగా అబ్బాయి వాళ్ల అక్క ఫోన్ చేసింది. అప్పటికే ఆమెను వదినా అని పిలవడం అలవాటైంది. "ఈ వీకెండ్ ఖాళీ పెట్టుకో అమ్మాయ్. జపాన్ వాళ్ల సత్రం ఒకటుంది, వేడినీళ్ల స్నానాలు. మనిద్దరమే వెళ్లొద్దాం. పెళ్లయ్యాక నీకెక్కడ కుదురుతుంది?" అంది. స్నానం అనగానే మచ్చే గుర్తొచ్చింది. తర్వాత తెలివిగా ఆలోచించి, మెడ నుంచి తొడల దాకా కప్పే ఈత డ్రెస్సు ఒకటి కొనుక్కున్నాను. దాన్ని బ్యాగులో పెట్టుకున్నాక ధైర్యం వచ్చింది.

శనివారం పొద్దున వదినే కారులో వచ్చి ఎక్కించుకుంది. దారి పొడవునా మంచు కప్పిన పొలాలు. కాస్త దూరం పోయాక ఆమె మామూలుగానే అడిగింది. "మా అమ్మ పంతులుగారితో మాట్లాడుతోందంట. నీ డేట్స్ ఎప్పుడో చెప్పు, ముహూర్తానికి అడ్డం రాకూడదు కదా."

"మొన్ననే అయిపోయాయి వదినా" అన్నాను. ఎంత బుద్ధిమంతురాలినో చూడండి.

ఆ సత్రం పాత ఫామ్‌హౌస్‌ను మార్చి కట్టింది. ఒంటారియోలో భూమిలోంచి వేడినీళ్లు ఎక్కడ పొంగుతాయి? బావి నీళ్లనే కాచి పోస్తారని వదినే చెప్పింది. నడిపేది ఒక జపాన్ పెద్దావిడ. గుమ్మంలోనే బూట్లు విప్పించి చెప్పులు ఇచ్చింది. గదిలో మంచం లేదు, కుర్చీ లేదు. నేలంతా మెత్తటి గడ్డి చాపలు, మధ్యలో పొట్టి బల్ల. టీ తాగాక స్నానానికి వెళ్లేటప్పుడు వేసుకోమని పల్చటి నూలు అంగీలు, కట్టుకోవడానికి నడికట్లు ఇచ్చింది. నేను చాటుకి వెళ్లి ఈత డ్రెస్సు వేసుకుని, దాని మీద అంగీ చుట్టుకుని వచ్చాను. పెద్దావిడ నన్ను చూసి కంగారుగా లేచి వచ్చింది. కుడి అంచు పైకి రాకూడదట, శవానికి మాత్రమే అలా కడతారట. మార్చి కడదామని నా అంగీ తెరిచి, లోపలున్న డ్రెస్సు చూసి, చేతులు అడ్డంగా ఊపుతూ "నో, నో" అంది.

వదిన విరగబడి నవ్వింది. "నీకు చెప్పలేదా? వీళ్ల పద్ధతిలో ఒంటి మీద ఏమీ ఉండకూడదు. ఆడవాళ్లమే కదా, ఇంకెవరున్నారు? సిగ్గుపడకు."

తలనొప్పి అన్నాను. వేడినీళ్లకి ఇట్టే పోతుందంది. జలుబు అన్నాను. దానికింకా మంచిదంది. ఆడవాళ్లకు ఎక్కడైనా చెల్లే సాకు ఒకటుంది. దాన్ని నా నోటితో నేనే పొద్దున కారులో పోగొట్టుకున్నాను. ఇంకా వద్దంటే అనుమానం వస్తుంది. వెళితే కనబడుతుంది.

బట్టలు మార్చుకునే గదిలో వెదురు బుట్టలున్నాయి. వదిన ఏ బెరుకూ లేకుండా అన్నీ తీసి బుట్టలో పడేసింది. మంగళసూత్రం మాత్రం తీయనని పెద్దావిడకు ముందే చెప్పేసింది. మాకు చెరొక చిన్న తువ్వాలు ఇచ్చారు, చేతిరుమాలుకు కాస్త పెద్దది. నేను దాన్ని నడుంకు అదిమి పట్టుకుని, వదినకు ఎప్పుడూ కుడివైపే కనబడేలా చూసుకున్నాను. నీళ్లలో దిగేముందు పొట్టి పీటల మీద కూర్చుని సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలి. గోడకు ఆనుకుని ఉన్న చివరి పీట వెతుక్కుని, ఎడమ పక్క గోడకు వచ్చేలా కూర్చున్నాను. వదిన కబుర్లు చెబుతూనే ఉంది. పెళ్లిలో ఏ చీరలు తీసుకోవాలి, రిసెప్షన్ ఏ హాల్లో పెట్టాలి. అన్నిటికీ ఊ కొడుతూ కూర్చున్నాను.

చెక్క తొట్టి బయట ఉంది, పైన ఆకాశం, చుట్టూ మంచు. పీతలా పక్కకు నడిచి ముందుగా నేనే దిగిపోయాను. తువ్వాలు నీళ్లలో పెట్టకూడదని నెత్తిన పెట్టుకోవాల్సి వచ్చింది. అయితే ఆవిరి దట్టంగా ఉంది, నీళ్లు మెడ దాకా ఉన్నాయి. వీపు చెక్కకు ఆనించి కూర్చున్నాక మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాను. వదిన ముందు లేచి వెళ్లాలి, ఆ తర్వాతే నేను లేవాలి. నా ప్లాన్ అదే.

వదిన లేవలేదు. కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంది. ఆ నీళ్లు మన పండగ తలంట్ల కన్నా వేడిగా ఉన్నాయి. కాసేపటికి నా చెవుల్లో రక్తం కొట్టుకోవడం వినిపించింది. కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. దేవుడా, ఈమెను లేపు, ఈమెను లేపు అని మనసులో మొక్కుకుంటూనే ఉన్నాను.

"అయ్యో, మొహం అలా అయిపోయిందేంటి? లే, లే" అని వదిన ఒక్కసారిగా నా చెయ్యి పట్టి పైకి లాగింది. విడిపించుకునే ఓపిక నాకు లేదు. లేచి నిలబడ్డాను. చల్లగాలి తగిలింది. వదిన చూపు నా మొహం మీంచి నడుం మీదకి దిగి అక్కడే ఆగిపోయింది.

ఆమె నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది. తర్వాత తడివేలితో ఆ మచ్చను రుద్ది చూసింది. చీర మీద మరక పోతుందేమోనని చూసినట్టు. ఆ వేలు ఇప్పటికీ నాకు తెలుస్తుంది.

"ఎప్పట్నుంచి?"

"ఇంటర్ నుంచి."

"ఇంకెక్కడైనా ఉందా?"

"లేదు వదినా."

"మావాడికి తెలుసా?"

"తెలీదు. చెప్పాలనే అనుకుంటున్నా."

"పిచ్చా నీకు?" అంది గొంతు తగ్గించి. "వాడికొద్దు. అమ్మకసలే వద్దు. నాకేం పట్టింపు లేదమ్మా, నువ్వు మంచిపిల్లవి. ముందు పెళ్లయిపోనీ, తర్వాత నేను చూసుకుంటాగా."

నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు లేకుండా ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది, చెంబుతో చన్నీళ్లు పోసింది, తువ్వాలు కప్పింది. సొంత అక్క అయినా అంత చేయదు. ఇది అబద్ధం కాదు.

గదికి వచ్చాక వదినే నా అంగీ సరిగ్గా చుట్టి నడికట్టు ముడివేసింది. ముడి బిగిస్తూ నవ్వుతూ అంది. "ఇది మనిద్దరి మధ్యే ఉంటుంది. నా మాట విన్నంతకాలం నీకే ఇబ్బందీ రాదు."

ఆమె బెదిరించలేదు. ప్రేమగానే అంది. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఆ మచ్చ మీద పెత్తనం అమ్మది. ఇప్పుడు వదినది. ఇక జన్మంతా ఈమె ఏ పండక్కి రమ్మంటే ఆ పండక్కి వెళ్లాలి, ఏ మాటంటే ఆ మాట పడాలి, ఎప్పుడు నోరు జారుతుందోనని మొహం చూస్తూ బతకాలి. మచ్చ నా ఒంటి మీద ఉంటే దాని గురించి మాట్లాడే హక్కు అందరిదీనా?

ఫోన్ తీసుకుని గుమ్మంలోకి, బూట్ల దగ్గరికి వెళ్లాను. అప్పుడే చీకటి పడుతోంది.

"ఏంటి, మా అక్క బాగా చూసుకుంటోందా?" అన్నాడు అతను.

"నీకొకటి చెప్పాలి. నా నడుం మీద బొల్లి మచ్చ ఉంది. చాలా ఏళ్లుగా ఉంది. అంటుకునేది కాదు. ముందే చెప్పాల్సింది, భయపడ్డాను."

కట్ అయిందేమోనని ఫోన్ చూసుకున్నాను.

"అక్కకి తెలుసా?" అన్నాడు.

"ఇందాకే చూసింది."

"ఏమంది?"

"నీకు చెప్పొద్దంది."

పెద్ద నిట్టూర్పు వినిపించింది. "మరి నాకెందుకు చెప్పావ్? అక్క చూసుకునేది కదా. ఇప్పుడు నేను అమ్మకి చెప్పాలా, దాచాలా?"

కోప్పడి ఉంటే పడేదాన్ని. మోసం చేశావంటే తల వంచేదాన్ని. బొల్లి అంటే ఏంటని అడిగితే ఎంతసేపైనా ఓపిగ్గా చెప్పేదాన్ని. కానీ అతనికి అసలు తెలియకుండా ఉండటమే కావాలి. తిన్నావా అని రోజూ అడిగిన మనిషి ఇతనే. ఏడుపొచ్చింది. కానీ నేను అనుకున్నంత రాలేదు.

"పెళ్లి నీతో అనుకుని చెప్పాను" అన్నాను. "ఇంక వద్దులే."

లోపల పొట్టి బల్ల మీద చిన్న చిన్న గిన్నెల్లో భోజనం సర్ది ఉంది. శనివారం కదా, వదిన చేపగిన్నె పక్కకు జరిపి అన్నం ముందుకు లాక్కుంటోంది. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

చేతిలో గిన్నె కింద పెట్టింది. "నేను వద్దంటూనే ఉన్నా కదే! ఇప్పుడేమైంది? వాడు వద్దన్నాడా?"

నేను బల్లకు ఇవతల పక్కన కూర్చున్నాను. "అతను కాదు వదినా, నేను వద్దన్నాను."