మడ్డిలో నానిన మానిఫోల్డ్

మా బావ మెకానిక్ షెడ్డు అనకాపల్లి బైపాస్ పక్కన ఉండేది. పేరు ఆయనది, మసి నాది. రెండు వేల నాలుగో, ఐదో, ఆ ఎండాకాలం కశింకోట వైపు నుంచి ఒక చెరకు రైతు తన తండ్రి జీపును లాగించుకొచ్చాడు. తండ్రి పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ జీపు పశువుల పాకలో పడి తుప్పుపట్టింది.

"ఏదీ మార్సకండి బాబూ. మా నాన్న తోలిన బండి ఎలాగుండీదో అలాగే ఉండాల. పనికిరాని ముక్కయినా పారేయకండి, నాకిచ్చేయండి," అన్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి మళ్లీ చెప్పాడు.

అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నది మానిఫోల్డ్, ఇంజను పొగను సైలెన్సరులోకి పంపే పోత ఇనుప గొట్టం. ముట్టుకుంటే పెచ్చులు రాలుతున్నాయి. "పారేసి వేరేది తెద్దాంరా," అన్నాడు బావ. నాకు ఒళ్లు మండింది. పదేళ్లుగా నేను ఏం చేసినా "మా షెడ్డు పనితనం" అని మీసం దువ్వుకునేవాడు ఆయనే. ఈ ఒక్కటైనా నేను చేశానని ఆ రైతు నోటితో అనిపించుకోవాలి. నాక్కావలసింది అంతే.

చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డికి మా ఊళ్లో కొదవేముంది? తుప్పును అది తినేస్తుందని పాత మేస్త్రీలు చెప్పేవారు. డ్రమ్ములో మడ్డి పోసి, నీళ్లు కలిపి, మానిఫోల్డ్ ముంచాను. రెండు వారాలు. పులిసిన కంపు, చీమలు, ఈగలు. షెడ్డు వెనకే ఇల్లు. ఆదివారం చర్చికి బయల్దేరిన అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏట్రా ఈ కంపు! సారా కాత్తన్నావని పోలీసులొత్తారు," అని తిట్టిపోసింది.

పైకి తీసి కడిగితే తుప్పు బురదలా జారిపోయింది. ఇనుప బ్రష్షుతో తోమాను. ఎగుడుదిగుళ్లను ఆకురాయితో రాసి నునుపు చేశాను. ఎండబెట్టి, థిన్నరుతో తుడిచి, వేడికి ఆగే నల్ల పెయింటు పల్చగా మూడు పూతలు వేశాను. బిగించాక చూస్తే నా కళ్లే నమ్మలేదు. చెప్పొద్దూ, గర్వంతో ఆ పూట అన్నం కూడా సయించలేదు.

రైతు వచ్చి బానెట్ కిందకి వంగాడు. నేను నోరు తెరిచేలోపే, కొత్త సామాను ఖరీదు కూడా బిల్లులో వేసేయొచ్చని బావ అందుకున్నాడు. "కొత్తదేనండి. వైజాగ్‌లో ఎతికి ఎతికి తెప్పించేను."

రైతు ముఖం మాడిపోయింది. "మరి మా నాన్నదేదీ?"

"స్క్రాపు కొట్టుకి ఎలిపోనాది బాబూ."

"అబద్ధమండి!" అని అరిచాను. "ఇదే మీ నాన్నగారిది. మడ్డిలో నానబెట్టి నేనే తోమేను." బావ నన్ను కొరికేసేలా చూశాడు. చూసుకోనీ!

రైతు మానిఫోల్డ్ అంచంతా వేళ్లతో తడిమాడు. "షెడ్డుల్లో ముక్కలు మార్సేత్తారని మా నాన్న దీనికి ఉలితో మూడు గాట్లు పెట్టేడు. ఏవీ అవి?"

ఉండేవి. చూశాను. ఎవడో చేతగాని మెకానిక్ సుత్తితో పాడుచేశాడనుకుని నేనే ఆకురాయితో రాసేశాను. అదే చెప్పాను. రైతు నన్నూ బావనూ మార్చి మార్చి చూశాడు.

"బావదో మాట, బామ్మర్దిదో మాట. బాగుందయ్యా!" అని బండెక్కి వెళ్లిపోయాడు. బావ నాతో వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే పీడా పోయె. ఆ రైతు నమ్మకపోవడమే నన్ను తినేసింది.

పది రోజుల తర్వాత నట్లకోసం స్క్రాపు కొట్టుకి వెళ్లాను. రోడ్డు పక్కన అదే జీపు, ఇంజను ఆపకుండా నిలబెట్టి ఉంది. కొట్టు లోపల తుప్పు ముక్కల గుట్ట మీద ఆ రైతు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. రోజూ వస్తున్నాడని కొట్టువాడు చెప్పాడు.

దగ్గరికి వెళ్లి, "మీ బండికే ఉందండి. ఒట్టు," అన్నాను.

"నీకు దండమెడతాను, మరి అబద్ధాలాడకు," అన్నాడు తలెత్తకుండా. ఇంకో ముక్క తిరగేసి, "ఆ పక్క నేను సూడలేదు. నువ్వు సూడు బాబూ," అన్నాడు.

నేను ఆ పక్కకి వెళ్లి, వంగి, వెతకడం మొదలుపెట్టాను.